తాగుడు మాన్పించిన దేవుళ్లు

మా లాల్‌గడి మలక్‌పేటలో తాగుడు మానినవాళ్లను లెక్కేస్తే, దాదాపు ప్రతి ఒక్కరి వెనకా ఒక దేవుడు కనిపిస్తాడు. అయ్యప్ప మాల వేసుకుని మానినవాళ్లున్నారు, ప్రార్థన కూటాలకు పోయి మానినవాళ్లున్నారు, హనుమాన్ దీక్షతో మానినవాళ్లున్నారు. వట్టి బిళ్లలతో, డాక్టరు మాటతో మానినవాళ్లు బహు తక్కువ. నేను మందుల నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. రసాయనాన్ని నమ్మి బతికే వృత్తి నాది. అయినా ఈ సంగతిని కొట్టిపారేయలేను, కొట్టిపారేయాలని కూడా లేదు. నాకు పట్టింపు ఉన్న విషయం వేరే. ఆ దేవుడు వాకిట్లో నిలబడి పిలిచాడా, లేక ‘చికిత్స’ అని రాసిన బోర్డు వెనక దాక్కుని పిలిచాడా అన్నది.

మాది గీత వృత్తి. శామీర్‌పేట మండలంలో మా ఊరు ఇప్పుడు జీనోమ్ వ్యాలీలో భాగం. ఇటు బయోటెక్ పార్కు, అటు తుర్కపల్లి, కొల్తూరు కంపెనీలు. ప్రపంచానికి టీకాలు ఇక్కడి నుంచి పోతాయి. నా చిన్నప్పుడు ఈ జాగాల్లో ఈత వనాలుండేవి. మా నాయిన పొద్దు పొడవకముందే మోకు, ముస్తాదు కట్టుకుని చెట్లెక్కేవాడు. మొవ్వు దగ్గర కత్తితో పలచగా గీసి లొట్టి కట్టేవాడు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పొంగుతుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి పారబోయాల్సిందే. అంత ఆయువు తక్కువ సరుకు. చెట్టు కల్లు తాగి తూలినవాళ్లను చూశాను గానీ, అది దొరక్క ఫిట్స్ వచ్చినవాళ్లను నాయిన కాలంలో చూడలేదు.

తర్వాత భూములకు రేట్లొచ్చాయి. ఈత వనాలు ప్లాట్లయ్యాయి. చెట్లు తగ్గినా తాగేవాళ్లు తగ్గలేదు. ఉన్న కొద్దిపాటి కల్లులో నీళ్లు కలిపితే మత్తు పోతుంది. ఆ పోయిన మత్తును పొట్లాల్లో తెచ్చి కలపడం మొదలైంది. తీపికి సాక్రీన్, మత్తుకు మొదట క్లోరల్ హైడ్రేట్. దాన్ని 1832లో జర్మనీలో లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. 1869 నుంచి వైద్యులు నిద్రమందుగా వాడారు. మా దగ్గర దానికి సీహెచ్ అని ముద్దుపేరు. ఆ తర్వాత డైజోఫాం వచ్చింది, దాని వెనక అల్ప్రాజోలం. ఇది ఆందోళన తగ్గించడానికి 1981లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మందు. డాక్టరు రాసే బిళ్లలో పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉంటుంది. అంటే కిలో పొడి చేతికొస్తే అర మిల్లీగ్రాము మోతాదులు ఇరవై లక్షలు. తక్కెడలో తూచి, గుణించి చూసే అలవాటున్న మనిషిని కాబట్టి ఈ లెక్క నాకు నిద్ర పట్టనివ్వదు. డైజోఫాం, అల్ప్రాజోలం రెండూ 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తాయి. అయినా నగరం చుట్టూ దొంగచాటుగా వీటిని తయారుచేసి కల్లు దుకాణాలకు చేరవేసేవాళ్లు పట్టుబడుతూనే ఉన్నారు.

ఈ మందుల లక్షణం ఒకటి బాగా తెలుసుకోవాలి. నెలల తరబడి ఒంటికి అలవాటై, ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, అదీ డాక్టరు కనుసన్నల్లో. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు పెంచింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మందు కల్లు ఆగేసరికి ఆస్పత్రుల వరండాలు నిండిపోయాయి. మనుషుల్ని మంచాలకు కట్టేసిన ఫొటోలు పేపర్లలో చూశాం. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు కూడా అదే రద్దీ. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

ఈ లోకంలోకే అయ్యప్ప వచ్చాడు. తెలుగునాట శబరిమల యాత్ర ఊరూరికీ పాకింది 1980ల్లోనే. 1989లో శరత్‌బాబు నటించిన ‘అయ్యప్ప స్వామి మహత్యం’ సినిమా వచ్చేనాటికి నల్లబట్టల స్వాములు లేని వీధి లేదు. నలభై ఒక్క రోజుల మండల దీక్ష. చన్నీటి స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, మద్యం మాంసం బంద్. ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తుంది. నిన్నటిదాకా ‘ఒరేయ్ తాగుబోతు’ అని పిలిచిన నోళ్లే అవి. తాగే దోస్తులు ఎదురొస్తే వాళ్లే పక్కకు తప్పుకుంటారు. పొద్దున, సాయంత్రం పూజకు పోవాలి కాబట్టి తాగే వేళ ఖాళీ ఉండదు. పీఠం దగ్గర పదిమంది తోడు. వ్యసనాల నుంచి బయటపడడం గురించి ఏ పుస్తకం చూసినా ఇవే చెబుతుంది: రోజూ ఒక క్రమం, తోడు, కొత్త గుర్తింపు, పాత స్నేహాలకు దూరం. మాల ఇవన్నీ కలిపి ఇస్తుంది. అదీ బాహాటంగా. మెడలో తులసిమాల పడే ముందే ఏ దేవుడో, ఎన్ని రోజులో, ఏం మానాలో, ఎప్పుడు విప్పాలో అందరికీ తెలుసు. గడువు ముగిసిన రోజు మాల తీసేసి మనిషి తన ఇంటికి తాను పోతాడు.

మా చిన్నాయన అలా మానినవాడే. మాల వేసుకున్న మూడో రోజు భజన మధ్యలో ఆయన నాలుక కరుచుకుని పడిపోయాడు. కొందరు పూనకం అన్నారు, కొందరు దీక్షలో ఏదో తప్పు జరిగిందన్నారు. గురుస్వామి వయసులో పెద్దవాడు, ఆర్టీసీలో డ్రైవరు. ఆయన చిన్నాయనను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నా వైపు తిరిగి ఒకటే అడిగాడు: “ఏ దుకాణంల తాగుతుండె స్వామీ, చెట్టుదా, మందుదా?” మందుదే అన్నాను. “అయితే ముందుగాల ఎర్రగడ్డకు పోదాం పట్టు. మాల యాడికీ పోదు. డాక్టరిచ్చిన గోలీలేసుకుంటే దీక్షకేం దోషం లేదు, నేను జెప్తున్న గద.” చిన్నాయన మెడలో మాలతోనే ఆస్పత్రిలో పడుకున్నాడు. బిళ్లలు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఆ ఏడు ఇరుముడి కట్టుకోలేదు, మరుసటేడు కట్టాడు. ఆ గురుస్వామి మీద నాకున్న గౌరవం ఏ ప్రొఫెసర్ మీదా లేదు.

తాగుడు మాన్పించే పని మన దగ్గర మతం చేతికి రావడం అయ్యప్పతోనే మొదలు కాలేదు. నిజాం కాలపు హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, భజనలు, హరికథలతో దళిత వాడల్లో తిరిగాడు. కల్లు, సారా మానమన్నాడు, జంతుబలులు వద్దన్నాడు, ఆడపిల్లల్ని దేవుడి పేరుతో వదిలేయడాన్ని ఎదిరించాడు. బ్రహ్మసమాజ భావాలు ఆయన దాచుకున్నవి కావు. 1911లో ఆ మండలే మాన్య సంఘం అయింది. తీరాంధ్రలో రఘుపతి వెంకటరత్నం నాయుడు కూడా బ్రహ్మసమాజీయుడే. మద్యం, భోగం మేళాలు రెండింటి మీదా ఆయన పోరాడాడు. మాకు ఉత్తరాన మెదక్‌లో వెస్లియన్ మిషన్ ఉండేది. పోస్నెట్ దొర కట్టించిన చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. తాగుడు మానడం ఆ మిషన్ బోధలో మొదటి నుంచీ ఉంది. వీళ్లలో ఎవరూ తామెవరో దాచలేదు. మతం మారుస్తామన్నవాళ్లు ఆ మాటే చెప్పారు, సంస్కరణ అన్నవాళ్లు ఆ మాటే చెప్పారు. ఇష్టమున్నవాడు పోయాడు, లేనివాడు ఆగాడు.

అసలు దేవుడి ప్రస్తావనే లేకుండా జరిగింది కూడా ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందుండి, సారా దుకాణం మూయించారు. వాచకంలో చదువుకున్న సీతమ్మ కథ వాళ్లకు ఊతం. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. దుకాణం మూయించడం ఉద్యమాలకు చేతనైంది గానీ, మూసిన రాత్రి వణుకుతూ కూర్చున్న మనిషి పక్కన ఎవరుండాలన్నది ప్రభుత్వాలు పట్టించుకోలేదు. ఆ ఖాళీలోకే రకరకాల కేంద్రాలు వచ్చాయి.

మా పెదనాయన కొడుకును అలాంటి ఒక కేంద్రంలో చేర్చాం. పేరు చెప్పను. కరపత్రంలో కౌన్సెలింగ్, యోగా, వైద్య పర్యవేక్షణ అని ఉంది. కట్టిన డబ్బు తక్కువేం కాదు. మొదటి నెల ఇంటివాళ్లు కలవకూడదన్నారు. కలిసే సమయానికి అన్న చాలా మారాడు. కళ్లు కిందికి వేసి, ఒక గురువు పేరు చెప్పి నమస్కారం పెట్టాడు. ఆ పేరు కరపత్రంలో ఎక్కడా లేదు. రోజూ పొద్దున, రాత్రి ఆయన ప్రసంగాలు వినాలట. గదిలో గోడకు ఆయన ఫొటో ఉంది. పక్కనే పన్నెండు మెట్లు అని ఒక చార్టు, దాని కింద ఆయన సూక్తులు. ఎర్రగడ్డలో రాసిచ్చిన బిళ్లలు చేరిన రోజే ఆపేశారు. మత్తుకు మత్తు విరుగుడెలా అవుతుందన్నది వాళ్ల వాదన. ఫిట్స్ వచ్చిన సంగతి మాకు అన్న చెబితేనే తెలిసింది. కాలం తీరాక ఇంటికి రాలేదు, ‘సేవ’కు ఉండిపోయాడు. ఊరూరా తిరిగి చందాలు రాస్తున్నాడు.

ఆ చార్టు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం అక్కడ మొదలుపెట్టాను. వెతికితే తేలింది ఏమిటంటే, దాపరికం దాని పుట్టుకలోనే ఉంది. 1920ల్లో ఫ్రాంక్ బుక్‌మన్ అనే అమెరికన్ లూథరన్ పాదిరి ఒక క్రైస్తవ ఉద్యమం నడిపాడు. దానికి ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అని పేరు. చేసిన తప్పుల్ని తోటివారి ముందు ఒప్పుకోవడం, నష్టపరిచినవాళ్లకు పరిహారం చెల్లించడం, రోజూ మౌనంగా కూర్చుని దేవుడి ఆజ్ఞ కోసం వేచి ఉండడం వాళ్ల సాధన. న్యూయార్క్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి తాగుడు మానింది ఈ ఉద్యమం చేయి పట్టుకునే. 1935లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో అతను డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిశాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్, మనం ఏఏ అంటాం, అక్కడ పుట్టింది. 1938 చివర్లో విల్సన్ పన్నెండు మెట్లు రాశాడు. ఒప్పుకోలు, పరిహారం, ప్రార్థన అన్నీ పాత ఉద్యమానివే. 1939లో పుస్తకం అచ్చయ్యేసరికి మాత్రం ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ పేరు అందులో లేదు.

పేరు తీసేయడానికి కారణాలున్నాయి. 1936లో బుక్‌మన్ ఒక న్యూయార్క్ పత్రికతో మాట్లాడుతూ హిట్లర్‌ను మెచ్చుకున్నాడు, ఆ మచ్చ పోలేదు. ప్రొటెస్టెంట్ ఉద్యమమని తెలిస్తే కేథలిక్కులు దూరమవుతారన్న భయమూ ఉంది. దేవుణ్ని నమ్మని సభ్యులు గట్టిగా పట్టుబట్టడంతో, ఎవరికి తోచిన దేవుణ్ని వాళ్లు పెట్టుకోవచ్చని మెట్లలోనే చేర్చారు. ఆ మార్పు వల్లే హిందువులూ ముస్లిములూ నాస్తికులూ కూడా ఆ సభల్లో కూర్చోగలుగుతున్నారు. 1957లో విల్సన్ తన పుస్తకంలో ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ రుణాన్ని బహిరంగంగా ఒప్పుకున్నాడు. మన దేశానికి తల్లీ బిడ్డా విడివిడిగా వచ్చారు. బుక్‌మన్ ఉద్యమం మోరల్ రీఆర్మమెంట్ అన్న కొత్త పేరుతో 1952లో పెద్ద బృందంగా ఇండియాలో దిగింది. తర్వాత రాజ్‌మోహన్ గాంధీ చొరవతో 1968లో పంచ్‌గనిలో దానికి కేంద్రం వెలిసింది. ఏఏ ఇక్కడ 1957లో మొదలైంది. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో సంస్థ పెట్టి, వైద్యాన్నీ ఈ మెట్లనూ ఒకచోట చేర్చింది. దక్షిణాదిలో మిగతా కేంద్రాలకు అది బడి అయింది.

ఏఏను నేను తప్పుపట్టను. అక్కడ ఫీజు లేదు, గురువు లేడు, తలుపు లోపల గొళ్లెం లేదు. అయినా 1996లో విస్కాన్సిన్ ఖైదీ ఒకతను వేసిన కేసులో, ఈ మెట్లు మతపరమైనవే, వీటిలో చేరమని ప్రభుత్వం ఎవరినీ బలవంతం చేయకూడదని అమెరికా అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. స్వచ్ఛందంగా పోయేవాడికి అది సహాయం, పంపించబడ్డవాడికి మతబోధ. మా అన్న రెండో కోవకు చెందుతాడు.

దాపరికాన్ని ఒక వ్యవస్థగా కట్టింది నార్కొనాన్. 1966లో అరిజోనా జైల్లో విలియం బెనిటెజ్ అనే ఖైదీ, ఎల్. రాన్ హబ్బర్డ్ రాసిన సైంటాలజీ పుస్తకం చదివి, తోటి ఖైదీలతో మత్తు మాన్పించే ఈ కార్యక్రమం మొదలుపెట్టాడు. హబ్బర్డ్ సైన్స్ ఫిక్షన్ రచయిత. 1950లో ‘డయానెటిక్స్’ రాశాడు, తర్వాత కొన్నేళ్లకే దాన్ని సైంటాలజీ చర్చిగా మార్చాడు. నార్కొనాన్ తనది మతేతర కార్యక్రమమని, చర్చిలో భాగం కాదని చెబుతుంది. కానీ లోపల వాడే పుస్తకాలు హబ్బర్డ్‌వి. ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని కదలకుండా, గంటల తరబడి కళ్లలోకి చూసే అభ్యాసాలు సైంటాలజీ శిక్షణలో ఉన్నవే. రోజుకు ఐదు గంటల దాకా ఆవిరి గదిలో చెమట పట్టించి, నయాసిన్ భారీ మోతాదులిచ్చే ‘శుద్ధి’ చర్చిలో కొత్తగా చేరినవాళ్లు చేసేదే. దాని లైసెన్సులు ఇచ్చే సంస్థ కూడా సైంటాలజీ కుటుంబంలోదే.

ఆ శుద్ధి గురించి నా వృత్తి తరఫున నాలుగు మాటలు చెప్పాలి. మత్తుమందుల అవశేషాలు కొవ్వులో ఉండిపోతాయి, అవే మళ్లీ కోరిక పుట్టిస్తాయి, చెమటతో వాటిని తీసేయాలి అన్నది హబ్బర్డ్ సిద్ధాంతం. కొన్ని పదార్థాలు కొవ్వులో కొంతకాలం ఉండే మాట నిజం, గంజాయి అందుకు ఉదాహరణ. వాటిని విడగొట్టి బయటికి పంపేది కాలేయం, మూత్రపిండాలు. చెమటలో పోయేది లెక్కకు రానంత. నయాసిన్ ఎక్కువైతే ఒళ్లు ఎర్రబారి మండుతుంది. చర్మంలో రక్తనాళాలు విచ్చుకోవడమే దానికి కారణం. చూసేవాడికి, లోపలి విషం కళ్ల ముందే బయటికొస్తున్నట్టు అనిపిస్తుంది. మోతాదు మీరితే కాలేయం దెబ్బతింటుంది. 1991లో ఓక్లహామా మానసిక ఆరోగ్య బోర్డు ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని, సురక్షితం కాదని తేల్చింది. అయినా అది అక్కడ వేరే దారిలో కొనసాగింది. 2011 అక్టోబరు నుంచి 2012 జూలై మధ్య ఆ రాష్ట్రంలోని నార్కొనాన్ కేంద్రంలో చికిత్సకు వచ్చిన ముగ్గురు చనిపోయారు. కాలిఫోర్నియా బడుల్లో పిల్లలకు చేసే ప్రసంగాలలో తప్పుడు శాస్త్రం ఉందని 2005లో ఆ రాష్ట్ర విద్యాశాఖ సమీక్ష చెప్పింది. 2012లో క్యూబెక్ ఆరోగ్య అధికారులు త్రోవా రివియేర్ పట్టణంలోని కేంద్రాన్ని మూసేయమన్నారు.

దీనికి తలకిందుల కథ సినానాన్‌ది. 1958లో కాలిఫోర్నియాలో ఏఏ నుంచి విడిపోయిన చార్లెస్ డెడెరిక్ దాన్ని మత్తు మాన్పించే సంఘంగా పెట్టాడు. 1970ల మధ్యలో అది తనను తాను మతంగా ప్రకటించుకుంది. 1978లో, తమ మీద కేసులు వేస్తున్న లాయరు పోస్టు డబ్బాలో పామును పెట్టించే దాకా పోయింది. అక్కడ చికిత్సే మతమైంది, నార్కొనాన్‌లో మతం చికిత్స వేషం కట్టింది. చేరినవాడికి మాత్రం రెండుచోట్లా జరిగింది ఒకటే. ఒంట్లో బలం, తలలో నిలకడ లేని రోజుల్లో, తానేం ఒప్పుకుంటున్నాడో తెలియకుండా ఒప్పుకున్నాడు.

నేను మతాన్ని బయటికి పొమ్మనడం లేదు. గురుస్వామి లేకపోతే చిన్నాయన ఆస్పత్రి గడప తొక్కేవాడే కాదు. కానీ వణుకు పుట్టిన మనిషి ఏ చేయి అందితే ఆ చేయి పట్టుకుంటాడు. అందుకే ఆ చేయి ఎవరిదో ముందుగా చెప్పాల్సిన బాధ్యత చేయి చాచినవాడి మీద రెట్టింపు ఉంటుంది. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వ్యసనాన్ని తన పరిధిలోకి తెచ్చింది. కేంద్రాలు రిజిస్టరు కావాలంది, అన్నీ వివరించి సమ్మతి తీసుకోవాలంది, గొలుసులు వేయడాన్ని నిషేధించింది. 2001లో తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. ఆ మరణాల నీడ ఈ చట్టం మీద ఉంది.

అన్న ఇప్పుడు తాగడు. “తాగుతలేడు గద బిడ్డా, అదే పదివేలు,” అంటుంది పెద్దమ్మ. తాగిన కొడుకుతో ఆమె పడ్డ బాధ నేను పడలేదు కాబట్టి ఎదురు మాట్లాడను. ఇంటికి రమ్మని అన్నకు ఫోన్ చేస్తూనే ఉంటాను. ఊళ్లో ఎవరైనా కేంద్రం అడ్రసు అడిగితే, అక్కడ అడగాల్సినవి కాగితం మీద రాసిస్తాను: రిజిస్ట్రేషన్ నంబరెంత, డాక్టరు రోజూ వస్తాడా, వేసుకుంటున్న బిళ్లలు ఎవరు, ఎప్పుడు ఆపుతారు, మొదటి వారంలోనే ఇంటివాళ్లు చూడొచ్చా, పొద్దున చదివించే పుస్తకం ఎవరిది, ఆ పుస్తకం వద్దన్నవాడికి కూడా మంచం, మందు ఇస్తారా.